పిట్స్‌బర్గ్ కోర్టు, జైలు: గ్రాంట్ స్ట్రీట్‌లో మూడు రోజులు

పిట్స్‌బర్గ్ అనగానే అమెరికా తెలుగువాళ్లలో చాలామందికి పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడి గుర్తుకొస్తుంది. దర్శనం, ప్రసాదం, మూడు నదులు కలిసే చోట ఒక ఫొటో, తిరుగు ప్రయాణం. అదే ఊళ్లో డౌన్‌టౌన్ తూర్పు అంచున అలెగెనీ కౌంటీ కోర్టు ఉంది, దాని వెనకాలే పాత జైలు. కౌంటీ అంటే దాదాపు మన జిల్లా. ఈ రెండు కట్టడాలకీ నక్షా గీసినవాడు హెన్రీ హాబ్‌సన్ రిచర్డ్‌సన్. 1884లో పని మొదలైంది. జైలు 1886లో, కోర్టు 1888లో పూర్తయ్యాయి. రెండిటికీ కలిపి సుమారు 22.5 లక్షల డాలర్లు ఖర్చయింది. అమెరికా వాస్తుకళ మీద రాసేవాళ్లు ఈ జంటను వదిలిపెట్టి ముందుకు పోలేరు.

చూడటానికి ఆది, సోమ, మంగళవారాలు కలిసొచ్చేలా పెట్టుకోవాలి. ఆదివారం కోర్టు మూసి ఉంటుంది. బయటి గోడలు చూడటానికి అదే మంచిది, రోడ్డు మీద బండ్లు ఉండవు. లోపలికి పనిదినాల్లోనే రానిస్తారు. శని, ఆదివారాలు మాత్రమే చేతిలో ఉన్నవాళ్లకి సగం కట్టడమే దక్కుతుంది.

మొదటి రోజు, ఆదివారం

విమానాశ్రయం నుంచి 28ఎక్స్ బస్సు నేరుగా డౌన్‌టౌన్‌కి వస్తుంది. ఊళ్లో తిరగడానికి ‘టి’ రైలు చాలు. స్టీల్ ప్లాజా స్టేషన్‌లో దిగి గ్రాంట్ స్ట్రీట్ పట్టుకుని దక్షిణంగా నడిస్తే ఫిఫ్త్ అవెన్యూ, ఫోర్బ్స్ అవెన్యూల మధ్య కోర్టు కనబడుతుంది. డౌన్‌టౌన్ స్టేషన్ల మధ్య టికెట్ అక్కర్లేదు. కోర్టు ముఖం పడమర వైపు కాబట్టి మధ్యాహ్నం రెండు దాటాక వెళ్లాలి. పొద్దున వెళ్తే ముందు గోడంతా నీడలో ఉండి రాతి గరుకుతనం కంటికి ఆనదు. వెనక రాస్ స్ట్రీట్ వైపు దీనికి తిరగేసి ఉంటుంది, అక్కడికి పొద్దుటి ఎండ వస్తుంది.

ముందు రోడ్డుకి అవతల ఫ్రిక్ బిల్డింగ్ పక్కన నిలబడి కోర్టు గుమ్మాలు చూడండి. ఇప్పుడు జనం లోపలికి వెళ్లే తలుపులు కింద, రోడ్డు మట్టంలో, చాలా సాదాగా ఉంటాయి. వాటి పైన, మనిషి అందుకోలేని ఎత్తులో పెద్ద కమానులున్నాయి. రిచర్డ్‌సన్ పెట్టిన అసలు ముఖద్వారం అదే. గుమ్మం దగ్గర కాపలా ఉండాల్సిన రాతి సింహాలు కూడా గోడ మీద ఎత్తున ఉండిపోయాయి. ఈ కట్టడంలో మొదట అర్థం చేసుకోవాల్సింది ఇదే: ఇవాళ మనం నిలబడే నేల రిచర్డ్‌సన్ కట్టిన నాటి నేల కాదు. ఈ సంగతి తెలియక చాలామంది ముఖద్వారం మరీ ఇరుకుగా ఉందనీ, కింది అంతస్తు గోడ మరీ మొండిగా ఉందనీ అనుకుంటారు. ఆ మొండి గోడ నిజానికి పునాది భాగం.

ఇలా ఎందుకయిందంటే, ఇక్కడ ఒక గుట్ట ఉండేది. 1758 సెప్టెంబరులో బ్రిటిష్ మేజర్ జేమ్స్ గ్రాంట్ దళం ఫ్రెంచివాళ్ల డ్యూకేన్ కోట మీదకి వచ్చి, వాళ్ల చేతిలో, వాళ్లకి తోడున్న ఆదివాసుల చేతిలో చిత్తుగా ఓడిపోయింది ఈ గుట్ట మీదే. గుట్టకీ వీధికీ ఆయన పేరే మిగిలింది. ఊరు పెరిగి, గుర్రపు బండ్లు ఆ ఎత్తు ఎక్కలేక అవస్థపడటంతో దాన్ని విడతలవారీగా తవ్వుతూ వచ్చారు. చివరి పెద్ద తవ్వకం 1912, 1913ల్లో జరిగింది. కోర్టు ముందు రోడ్డు సుమారు 16 అడుగులు కిందికి దిగింది. నేలమాళిగ గోడలు బయటపడ్డాయి. పాత గుమ్మానికి చేరడానికి ముందు పెద్ద మెట్లవరస కట్టారు. 1920ల చివర్లో రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ మెట్లు కూడా తీసేశారు. కౌంటీ ఆర్కిటెక్ట్ స్టాన్లీ రౌష్ నేలమాళిగలోకే తలుపులు తెరిపించి దాన్ని ప్రవేశ అంతస్తుగా మార్చాడు. ఇటు వెనకున్న ఫ్రిక్ బిల్డింగ్‌కీ ఇదే గతి పట్టింది. 1902లో డేనియల్ బర్నమ్ కట్టిన ఆ భవనం నేలమాళిగ కూడా ఇప్పుడు వీధి అంతస్తు. అయితే అక్కడ నేలమాళిగ దర్జాగా హాలుగా మారింది. కోర్టుకి ఆ అదృష్టం లేదు. పలక ఒకటి చెయ్యిచాచి పట్టుకుని కోర్టు బొమ్మలో కింది అంతస్తును కప్పేసి చూడండి. కమానులు నేలను ఆనుకుని, గోపురం నిష్పత్తి ఒక్కసారిగా సరిపోతుంది.

ఇప్పుడు రోడ్డు దాటి రాయిని దగ్గరగా చూడాలి. ఇది మసాచుసెట్స్‌లోని మిల్‌ఫర్డ్ గ్రానైట్, లేత గులాబీ ఛాయ. కట్టింది వుస్టర్ ఊరి నార్‌క్రాస్ బ్రదర్స్, రిచర్డ్‌సన్ పెద్ద పనులు చాలావాటికి వాళ్లే గుత్తేదార్లు. ప్రతి రాయికీ అంచులు సుత్తి, ఉలితో కొట్టి కీలు (రాయికీ రాయికీ మధ్య అతుకు) బిగువుగా కూర్చునేలా చేశారు, ముఖం మాత్రం గనిలో విరిగినట్టే గరుకుగా వదిలారు. ఇందులో డబ్బు ఆదా కంటే లోతైన లెక్క ఉంది. 1880ల్లో పిట్స్‌బర్గ్ ఉక్కు కొలుముల పొగలో మునిగి ఉండేది. సన్నని చెక్కడాలు పెడితే కొన్నేళ్లకే మసిలో కలిసిపోతాయి. అందుకే శిల్పాన్ని గుమ్మాల దగ్గరా స్తంభాల తలల దగ్గరా కొంచెమే వాడి, మిగతాదంతా రాతి బరువుకీ కమాను నీడకీ కిటికీల లయకీ వదిలేశాడు. మసి పట్టినా నీడ నీడే కదా. 1941లో పొగ నియంత్రణ చట్టం చేసి, 1946 నుంచి ఊళ్లో అమలుచేశాక గానీ గాలి తేటపడటం మొదలవలేదు. అప్పటిదాకా ఈ గోడలు నల్లగానే నిలబడ్డాయి.

ఇలాంటి గ్రానైట్‌లో రాయి తొందరగా చెడదు, చెడేది కీళ్లు. మెత్తని సున్నపు గచ్చు రాలిపోయిన చోట గట్టి సిమెంటు నింపితే, ఎండకీ చలికీ రాయి కదిలినప్పుడు గచ్చు లొంగదు, రాతి అంచే చిట్లుతుంది. పిట్స్‌బర్గ్ చలికి కీలులో చేరిన నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, ఆ చిట్లు ఇంకాస్త పెద్దదవుతుంది. ఇసుక కొట్టి శుభ్రం చేయడం ఇంకో పొరపాటు. మసితోపాటు రాతి పైపొర కూడా పోతుంది. పాత రాతి కట్టడం ఏది చూసినా ముందు కీళ్ల రంగు గమనించే అలవాటు చేసుకుంటే మరమ్మతుల చరిత్ర దానంతటదే తెలుస్తుంది.

కోర్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి రాస్ స్ట్రీట్‌కి రండి. వీధిని దాటుతూ తలపైన మూసిన రాతి వంతెన ఉంటుంది. వెనిస్‌లోని ‘బ్రిడ్జ్ ఆఫ్ సైస్’ (నిట్టూర్పుల వంతెన)ని చూసి గీసింది, పేరు కూడా అదే పెట్టుకున్నారు. ఖైదీలను జైలు నుంచి విచారణకీ, శిక్ష విన్నాక తిరిగి జైలుకీ వీధిలోకి తీసుకురాకుండా నడిపించడానికి కట్టారు. దీని కిందుగా నిలబడి జైలు గోడ వైపు తిరగండి. రిచర్డ్‌సన్ మొత్తం జీవితంలో ఇంతకంటే గట్టి గోడ కట్టలేదని చెప్పొచ్చు. అలంకారం అన్నది లేదు. కోర్టు రాళ్లకంటే పెద్ద రాళ్లు, ఇంకా గరుకు, వాటి మధ్య లోతైన ఒక కమాను గుమ్మం. కమాను రాళ్లు ఒక్కొక్కటి ఎంత పొడుగ్గా ఉన్నాయో చూస్తే, గోడ బరువంతా ఎటు దిగుతోందో కంటికే తెలిసిపోతుంది. 1904, 1908ల మధ్య ఫ్రెడరిక్ ఓస్టర్లింగ్ జైలును విస్తరించాడు. పాత గోడ పద్ధతినే పట్టుకుని కొనసాగించడంతో కొత్తదెక్కడ మొదలైందో కనిపెట్టడం కష్టం. ఇదే ఓస్టర్లింగ్ తర్వాత గ్రాంట్ స్ట్రీట్‌లోనే యూనియన్ ట్రస్ట్ బిల్డింగ్ కట్టాడు. వెళ్లేటప్పుడు దాన్నీ చూడండి, ఒకే మనిషి పక్కవాడి శైలికి ఎంత వినయంగా ఒదిగాడో, తన సొంత పనిలో ఎంత విజృంభించాడో తెలుస్తుంది.

రెండో రోజు, సోమవారం

పొద్దున్నే వెళ్లకండి. జ్యూరీకి పిలిచినవాళ్లు, లాయర్లు, కక్షిదారులు అందరూ ఒకేసారి వస్తారు, తనిఖీ వరస పొడుగ్గా ఉంటుంది. పది తర్వాత నయం. మెటల్ డిటెక్టర్ దాటాలి. తాళం గుత్తికి చిన్న చాకు ఉన్నా ఆపేస్తారు, బయట దాచుకునే చోటు వెతుక్కోవాల్సి వస్తుంది. నడవాల్లో ఫొటోలు తీసేముందు కాపలావాళ్లని అడగండి. విచారణ జరుగుతున్న కోర్టు గదిలోనూ దాని పరిసరాల్లోనూ ఫొటోలు తీయడం పెన్సిల్వేనియా కోర్టు నిబంధనల ప్రకారం నిషిద్ధం.

తనిఖీ దాటగానే పైకప్పు తక్కువగా, వెలుతురు మసకగా ఉంటుంది. నిన్న చెప్పుకున్న నేలమాళిగ ఇదే. లిఫ్ట్ ఎక్కితే ఈ కట్టడం అందం సగం పోతుంది. మెట్లు వెతుక్కుని పై అంతస్తుకి ఎక్కండి. అక్కడినుంచి అసలు మహాసోపానం మొదలవుతుంది. రాతి కమానులు ఒకదాని వెనక ఒకటి, పొట్టి స్తంభాల మీద, మనం మలుపు తిరిగిన ప్రతిసారీ వరస మార్చుకుంటూ పైకి పోతాయి. కమాను నేలకి దగ్గర్లోనే వంపు తిరగడం రిచర్డ్‌సన్ ముద్ర. ఆయన లూసియానాలో పుట్టి, హార్వర్డ్‌లో చదివి, పారిస్‌లో ఎకోల్ దె బోజార్ అనే కళాశాలలో వాస్తుకళ నేర్చుకున్నాడు. ఫ్రాన్స్, స్పెయిన్‌ల పాత రోమనెస్క్ (మధ్యయుగపు గుండ్రని కమానుల శైలి) చర్చీల నుంచి పట్టుకొచ్చిన బరువైన కమానుని బోస్టన్ ట్రినిటీ చర్చితో అమెరికాకి అలవాటు చేశాడు. ఆ శైలికి ఇప్పటికీ ఆయన పేరే. ఇక్కడ మెట్ల దగ్గర ఆ కమాను చర్చిని వదిలి ప్రభుత్వ కార్యాలయానికి సరిపోయేలా మారింది. మధ్యలో ఆగి కిందికీ పైకీ చూడండి, కనీసం పావుగంట ఇక్కడే పెట్టుకోండి.

మొదటి అంతస్తు గోడల మీద విన్సెంట్ నెస్బర్ట్ 1930ల చివర్లో వేసిన కుడ్యచిత్రాలున్నాయి, గ్రాంట్ గుట్ట యుద్ధం వాటిలో ఒకటి. మూడో అంతస్తులో 321 నంబరు కోర్టు గదిని పాత రూపానికి తెచ్చారు. మిగతా గదుల్లో తర్వాతి కాలపు తగిలింపు కప్పులూ ట్యూబులైట్లూ అసలు ఎత్తుని మింగేశాయి. 321లో విచారణ లేకపోతే కాపలావాళ్లు లోపలికి చూడనిస్తారు. విచారణ ఉంటే తలుపు దగ్గరే వెనక్కి తగ్గాలి. అక్కడ ఎవరిదో బతుకు తేలుతూ ఉంటుంది.

అక్కడినుంచి లోపలి ప్రాంగణానికి. ఈ యాత్రలో మిగతాదంతా తగ్గించుకున్నా ప్రాంగణాన్ని తగ్గించకండి. కోర్టు నాలుగు వైపులా కట్టి మధ్యలో ఖాళీ వదిలిన భవనం. ఒకప్పుడు ఇక్కడ కార్లు నిలిపేవాళ్లు, తర్వాత చెట్లూ ఫౌంటెనూ పెట్టి పార్కు చేశారు. ప్రాంగణం వైపు గోడలకి వీధి తవ్వకం తగల్లేదు. రిచర్డ్‌సన్ గీసిన నిష్పత్తులు ఏమిటో చూడాలంటే గ్రాంట్ స్ట్రీట్ ముఖం కంటే ఇవే నమ్మకమైన సాక్ష్యం. కింద వెడల్పు కమానులు, పైకి పోయేకొద్దీ సన్నబడి సంఖ్య పెరిగే కిటికీలు, అలంకారం దాదాపు శూన్యం. విద్యుద్దీపాలు కొత్తగా వస్తున్న కాలం, పొగ వల్ల పట్టపగలే మసక. గదులకి వెలుతురూ గాలీ అందాలంటే ఇలా మధ్యలో ఖాళీ తప్పదు.

ఇక్కడ నిలబడే గోపురం సంగతి కూడా తేల్చుకోవాలి. ముందు గోపురం ఎత్తు 249 అడుగులు. చూడటానికి అధికార చిహ్నంలా ఉన్నా దానికి ఒక పని ఉంది. వీధి మట్టంలో గాలి మసితో నిండి ఉంటుంది కాబట్టి, పైన పొగ పలచబడే ఎత్తులో గాలి పీల్చుకుని, గోపురం లోపలి నుంచి కిందికి దించి, భవనమంతా పంచేలా ఏర్పాటుచేశాడు. గదుల్లోంచి వచ్చే వాడిన గాలి వెనక ఉన్న రెండు పొట్టి గోపురాల గుండా బయటికి పోయేది. ప్రాంగణంలోంచి మూడూ కనబడే చోటు చూసుకుని నిలబడండి. ఒకటి ఊపిరి తీసుకోవడానికి, రెండు వదలడానికి. ఈ కట్టడం మీద గౌరవం అసలు ఇక్కడే పెరగాలి. అందం కోసం నిలబెట్టినట్టున్న ప్రతిదానికీ వెనక వెలుతురో గాలో బరువో ఏదో ఒక అవసరం ఉంది.

రిచర్డ్‌సన్ ఇది పూర్తవడం చూడలేదు. మూత్రపిండాల జబ్బుతో 1886 ఏప్రిల్ 27న, 47 ఏళ్లకే పోయాడు. ఆయన కార్యాలయంలో పనిచేసిన షెప్లీ, రుటాన్, కూలిడ్జ్ అదే నక్షాల ప్రకారం ముగించారు. తన ప్రతిభను ఈ కోర్టునూ, షికాగోలో మార్షల్ ఫీల్డ్ కోసం కడుతున్న టోకు దుకాణాన్నీ చూసి అంచనా వేయమని ఆయన కోరిక. షికాగో దుకాణాన్ని 1930లో కూలగొట్టారు.

మధ్యాహ్నం జైలుకి. 1995లో మొనోంగహీలా నది ఒడ్డున సెకండ్ అవెన్యూలో కొత్త జైలు తెరిచాక ఇది ఖాళీ అయింది. తర్వాత లోపల మార్చి కుటుంబ కోర్టు పెట్టారు. విడాకులు, పిల్లల సంరక్షణ కేసులు ఇక్కడే నడుస్తాయి. లోపల మనుషుల వైపు కెమెరా తిప్పకండి, గొంతు తగ్గించండి. ఇక్కడ తనిఖీ వేరే ఉంటుంది. ఒక సెల్లుల వరసను అలాగే ఉంచి చిన్న మ్యూజియం చేశారు. సోమవారం మధ్యాహ్నం పూట కొద్ది గంటలు తెరవడం ఆనవాయితీ. వేళలు మారుతుంటాయి, చలికాలంలో మూసే అవకాశం ఉంది. అందుకని పిట్స్‌బర్గ్ హిస్టరీ అండ్ ల్యాండ్‌మార్క్స్ ఫౌండేషన్ వాళ్లని ముందే అడిగి రోజు ఖాయం చేసుకోవాలి. ఇది చేయకుండా వచ్చినవాళ్లే గోడ చూసి వెనక్కిపోతారు.

లోపల ముందు మధ్యనున్న ఎనిమిది పలకల హాలులో నిలబడండి. జైలు రెక్కలన్నీ ఇక్కడినుంచే బయల్దేరతాయి. ఇక్కడ ఒక్క కాపలావాడు నిలబడి తిరిగితే అన్ని రెక్కలూ కంటి కిందే ఉంటాయి. అండమాన్ సెల్యులర్ జైలు చూసినవాళ్లకి ఈ ఆలోచన వెంటనే పట్టుబడుతుంది, అక్కడ మధ్య బురుజు నుంచి ఏడు రెక్కలు. దీనికి అమెరికాలో పెద్ద నమూనా ఇదే రాష్ట్రంలో, ఫిలడెల్ఫియాలో 1829లో తెరిచిన ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీ. ఒక తేడా గమనించాలి. ఫిలడెల్ఫియాలో సెల్లులు బయటి గోడకి ఆనుకుని ఉంటాయి. ఇక్కడ సెల్లులు రెక్క మధ్యలో అంతస్తుల మీద అంతస్తులుగా పేర్చి, బయటి గోడకీ వాటికీ మధ్య ఖాళీ వదిలారు. జైలు రెక్కలకి బయటినుంచి కనబడే కిటికీలు అన్ని అంతస్తుల పొడుగునా సాగడానికి కారణం అదే. సెల్లు గోడ తవ్వినా ఖైదీ తేలేది కాపలావాడి నడవాలో.

గోడ తవ్వకుండా బయటపడ్డవాళ్లు మాత్రం ఉన్నారు. ఎడ్, జాక్ బిడిల్ అనే అన్నదమ్ములకి మౌంట్ వాషింగ్టన్‌లో ఒక కిరాణా వ్యాపారిని చంపిన కేసులో ఉరిశిక్ష పడింది. జైలు వార్డెన్ పీటర్ సోఫెల్ కుటుంబం జైలుకి ఆనుకునే ఉండేది. ఆయన భార్య కేట్ ఖైదీలకు ధైర్యం చెప్పడానికి వస్తూ పోతూ ఎడ్ మీద మనసు పడింది. రంపాలూ తుపాకులూ చేరవేసింది. 1902 జనవరి 30 తెల్లవారుజామున ముగ్గురూ పారిపోయారు. మంచులో స్లెడ్జి బండి మీద ఉత్తరంగా పోతూ మర్నాడు బట్లర్ కౌంటీలో పోలీసులకి ఎదురుపడ్డారు. కాల్పుల్లో గాయపడిన అన్నదమ్ములు ఫిబ్రవరి 1న చనిపోయారు. కేట్ బతికి, శిక్ష అనుభవించింది. రిచర్డ్‌సన్ గోడకి లోటు లేదు, ఏ జైలుకైనా తాళం మనిషి చేతిలోనే ఉంటుంది.

1892 జూలైలో హోమ్‌స్టెడ్ ఉక్కు సమ్మె రోజుల్లో ఉక్కు కంపెనీ అధిపతి హెన్రీ క్లే ఫ్రిక్‌ని కాల్చిన అరాచకవాది అలెగ్జాండర్ బెర్క్‌మన్‌ని కూడా ముందు ఈ జైల్లోనే పెట్టారు. ఆ ఫ్రిక్ బతికి, పదేళ్లకి కోర్టుకి ఎదురుగా తన పేరుతో కట్టించిందే నిన్న మనం నిలబడ్డ భవనం.

మూడో రోజు, మంగళవారం

పొద్దున ‘టి’ రైల్లో నది కిందుగా నార్త్ సైడ్‌కి వెళ్లి, అలెగెనీ స్టేషన్‌లో దిగి వెస్ట్ నార్త్ అవెన్యూకి నడవండి. అక్కడ ఇమ్మాన్యుయెల్ ఎపిస్కోపల్ చర్చి ఉంది, రిచర్డ్‌సన్‌దే, 1886 నాటిది. గ్రానైట్ లేదు, గోపురం లేదు, ఉత్త ఇటుక. నిటారైన కప్పు, కింద వరసగా మూడు గుమ్మాల కమానులు. ఊరివాళ్లు దీన్ని రొట్టెలు కాల్చే పొయ్యి చర్చి అని పిలుస్తారు. కోర్టుకి లక్షల డాలర్లు దొరికిన మనిషి కొద్దిపాటి డబ్బుతో ఏంచేయగలడో ఇక్కడ తెలుస్తుంది. గుమ్మాల చుట్టూ ఇటుకలు ఎలా వరసలు తిరిగాయో చూడటానికి అరగంట చాలు.

టొరంటోలోనో మినియాపొలిస్‌లోనో ఉండే తెలుగువాళ్లు ఇంటికి వెళ్లాక ఒక పని చేయొచ్చు. ఈ కోర్టు పూర్తవుతుండగానే దీని ప్రభావం అటు పాకింది. టొరంటో పాత సిటీ హాలు (ఇ.జె. లెనాక్స్, 1889-1899), మినియాపొలిస్ సిటీ హాలు (1888-1909) రెండిటిలోనూ ఇదే గరుకు రాయి, ఇదే ప్రాంగణం, ఇలాంటి గోపురమే కనబడతాయి. టొరంటోలో మెట్లెక్కి నేరుగా కమాను కిందికి పోవచ్చు. పిట్స్‌బర్గ్‌లో తవ్వేసిన ప్రవేశం ఎలాంటి అనుభవమో అక్కడ తెలుసుకోవచ్చు.

మధ్యాహ్నానికి పెన్ హిల్స్. 1970ల్లో కట్టిన ఈ వేంకటేశ్వరస్వామి గుడి అమెరికాలోని తొలి సంప్రదాయ ఆలయాల్లో ఒకటి. కోర్టుకి జాతీయ చారిత్రక కట్టడం హోదా వచ్చింది కూడా ఆ దశకంలోనే, 1976లో. డౌన్‌టౌన్ నుంచి కారులో అరగంట, బస్సులను నమ్ముకోకండి. దర్శనం వేళలు పనిదినాల్లో వేరు, ముందే చూసుకోండి. కింద భోజనశాలలో పులిహోర, దద్దోజనం దొరుకుతాయి. సాయంత్రం విమానం ఉన్నవాళ్లు మధ్యాహ్నం రెండున్నరకల్లా బయల్దేరాలి. గుడి ఊరికి తూర్పున, విమానాశ్రయం పడమరన. మధ్యలో స్క్విరెల్ హిల్ సొరంగం, ఫోర్ట్ పిట్ సొరంగం రెండూ దాటాలి, మూడున్నర దాటితే రెండిటి ముందూ కార్లు ఆగిపోతాయి.